పద్దెనిమిదో హోల్ దగ్గర నా వంతు

ప్రియమైన శ్రీవారికి,

మీరు హోటల్ గదిలో మర్చిపోయిన నల్ల బెల్టూ, బీపీ మాత్రలూ ఈ పార్సెల్‌లో పెట్టాను. మాత్ర పొద్దున్నే ఒకటి. వాటి కిందే ఈ ఉత్తరం ఉంది. మాత్ర వేసుకున్నాకే చదవండి. ముందే చదివితే ఆ ఒక్కటీ సరిపోదు.

ఫోన్ చేయొచ్చుగా అంటారు. ఫోన్‌లో నా గొంతు కాస్త పెరిగితే మీకు సిగ్నల్ పోతుంది. ఎదురుగా కూర్చుని చెబితే టీవీ గొంతు పెరుగుతుంది. మొన్న టూర్ నుంచి తిరిగొచ్చే బస్సులో దారి పొడుగునా నిద్రపోయినట్టు నటించారు. నిద్రపోయే మనిషి కాలు డ్రైవరు పెట్టిన పాటకి తాళం వేయదండీ. బస్సు దిగగానే మన షాపుకి టైల్స్ ఫ్యాక్టరీలో కొత్త సరుకు చూడాలని అటునుంచి అటే వెళ్ళిపోయారు. ఫ్యాక్టరీ వాళ్ళు కూడా ఆశ్చర్యపోయి ఉంటారు, ఇంకా నాలుగు రోజులకు రావాల్సిన మనిషి అప్పుడే దిగాడేమిటని. కాగితం దగ్గర మాత్రం మీ ఎత్తులేవీ సాగవు.

మన గోల్ఫ్ సొసైటీ ఏటా చేసే ఈ ప్రయాణం కోసం నేనెంత ఎదురుచూస్తానో మీకు తెలుసు. రెండు రోజులు ఊరు దాటి వెళ్ళడం, ఎర్ర జట్టూ నీలం జట్టూ అని విడిపోయి కప్పు కోసం కొట్టుకోవడం, ఆటయ్యాక అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకరినొకరు ఏడిపించుకోవడం. నేను గోల్ఫ్ నేర్చుకున్నది ఆట మీద మోజుతో కాదు. మీ ఆదివారాలన్నీ ఆ మైదానమే మింగేస్తుంటే, ఇంట్లో కూర్చుని గోడ చూసే బదులు మీ పక్కన నడుద్దామని నేర్చుకున్నాను. తర్వాత ఆట కూడా నచ్చింది. మీకంటే ఎక్కువే నచ్చిందేమో.

ఇప్పుడు ఆ రోజు సంగతికి వస్తాను. జరిగింది మీకు తెలియదని కాదు, తెలియనట్టు నటిస్తున్నారు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. హోల్ అంటే బంతిని వేయాల్సిన గుంట, మొత్తం పద్దెనిమిది; తక్కువ దెబ్బల్లో వేసిన జతదే ఆ హోల్. జతల ఆటలో ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒక దెబ్బ ఒకరు కొడితే తర్వాతి దెబ్బ రెండోవాళ్ళు కొట్టాలి. ఒకటి, మూడు, ఐదు అంటూ బేసి హోల్స్‌లో మొదటి దెబ్బ మీది. సరి సంఖ్య హోల్స్‌లో నాది. పొద్దున్న మొదలుపెట్టేటప్పుడు ఆ ఏర్పాటు చేసింది మీరే. వంతు తప్పి కొడితే ఆ హోల్ ఎదుటి జతకి వెళ్ళిపోతుంది. ఇంతకంటే సులువైన నిబంధన చిన్నపిల్లల ఆటల్లో కూడా ఉండదు.

ఆ రోజు పొడుగునా నేను కొట్టిన బంతి కాస్త పక్కకి పోయినప్పుడల్లా మీరు ఎదుటి జతకి సారీ చెప్పారు. ఈఎన్‌టీ డాక్టరు గారికీ, ఆయన జత రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారికీ. వాళ్ళ ఎదురుగా ఆడుతున్నాం, మన బంతి పక్కకి పోతే వాళ్ళకి లాభం. లాభపడినవాళ్ళకి సారీ ఎందుకండీ? నేను మీ ఇంటి నుంచి తప్పించుకొచ్చి వాళ్ళ పెరట్లో పడ్డ మేకనా? మీరు కొట్టిన బంతి రెండుసార్లు పొదల్లోకి పోయింది. అప్పుడు గాలి ఎక్కువగా ఉందన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మీ తప్పుకి గాలి, నా తప్పుకి నేను. అయినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే ఆట బాగా సాగుతోంది.

మిగిలిన జతలన్నీ ఆడేసరికి రెండు జట్లూ సమానం. మనమూ వాళ్ళూ కూడా పదిహేడు హోల్స్ తర్వాత సమానం. పద్దెనిమిదోది ఎవరిదైతే కప్పు ఆ జట్టుది. ఎదురుగా చెరువంత నీళ్ళు. అవతలి గట్టు మీద దాదాపు సొసైటీ మొత్తం నిలబడి చూస్తోంది. పద్దెనిమిది సరి సంఖ్య. అది నా వంతు.

పోయినేడు టూర్‌లో నేను రెండు బంతులు నీళ్ళలో వేశాను, గుర్తుందా? ఆ రోజు నుంచి ప్రతి శనివారం పొద్దున్నే డ్యూటీకి ముందు ప్రాక్టీస్ నెట్‌కి వెళ్ళి ఆ ఒక్క దెబ్బే కొట్టాను. కూరగాయలకి వెళ్తున్నానని చెప్పి వెళ్ళేదాన్ని. మీకు చెబితే నవ్వుతారని చెప్పలేదు. అరచేతుల్లో కాయలు కాస్తే గిన్నెలు తోమి వచ్చాయనుకున్నారు మీరు. ఈసారి పద్దెనిమిదో హోల్ దగ్గర నేను బంతి పెట్టడానికి వంగాను. మీరు ముందుకొచ్చి, "నువ్వాగు, నీళ్ళున్నాయి," అన్నారు. "ఇది నా వంతండీ," అన్నాను. వినలేదు. మళ్ళీ అన్నాను. "వాదించకు, అందరూ చూస్తున్నారు," అని నన్ను పక్కకి జరిపి కొట్టేశారు. బంతి నీళ్ళు దాటి చక్కగా పడింది. ఒప్పుకుంటాను, మంచి దెబ్బే. అప్పుడు డాక్టరు గారు చాలా మర్యాదగా, ఇది మేడమ్ వంతు కదండీ అన్నారు. అంతే, హోల్ పోయింది, కప్పు పోయింది.

కప్పు పోయినందుకు నాకు కోపం లేదు. సాయంత్రం భోజనాల దగ్గర మన సొసైటీ కెప్టెన్ గారు ఏం జరిగిందని అడిగితే, మీరు లేచి గ్లాసు పట్టుకుని చెప్పిన మాట ఇది. "మా ఆవిడే 'మీ వంతు, కొట్టండి' అంది. పెళ్ళాం మాట వింటే ఇంతే మరి." హాలంతా ఘొల్లుమంది. జట్టుని ముంచినవాళ్ళకి ఏడాది పాటు పెట్టే ఆ పసుపు బాతు టోపీ కెప్టెన్ గారు తెచ్చి నా నెత్తిన పెట్టారు. నేనూ నవ్వాను. నలుగురిలో మొగుణ్ణి అబద్ధాలకోరు అనలేక, మింగలేక కక్కలేక నవ్వాను. మీరు నా వైపు చూసి ఫొటో తీశారు కూడా.

నేను చేసేది ఆసుపత్రి మందుల కౌంటర్లో ఉద్యోగం. ఎవరికి ఏ మాత్ర, ఏ వరసలో, ఎన్ని అని రోజంతా చెప్పేదాన్ని. నేను ఒకటీ రెండూ వరస తప్పానంటే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు గారిది కూడా మా ఆసుపత్రే కదా, ఆ జోకు నాకంటే ముందే డ్యూటీకి వచ్చింది. నిన్న ల్యాబ్ అబ్బాయి మందులు తీసుకుంటూ, "మేడమ్, ఇది నా వంతేనా, మీరు చెబితే భయంగా ఉంది," అన్నాడు. వరసలో నిలబడ్డ పేషెంట్లు కూడా నవ్వారు. ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు, తన మాత్రలు తీసి మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

అన్నిటికంటే మండిపోయే సంగతి ఇంకొకటుంది. ఆ బంతిని నేను కొట్టి ఉంటే నీళ్ళు దాటేదో మునిగేదో నాకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేశారు మీరు.

ఆదివారం సొసైటీ మీటింగ్ ఉంది. అందరి ముందూ లేచి జరిగింది జరిగినట్టు చెప్పండి. చెప్పకపోతే ఇక మీ జతగా ఆడను. ఇది బెదిరింపు కాదు, ముందుగా చెప్పడం.

మీ భార్య,
బాతు టోపీ ధరించిన ఆమె

*

ప్రియమైన మేడమ్ గారికి,

ఏమోయ్, నీ ఉత్తరం చదివాక మాత్ర రెండోది కూడా వేసుకుందామనుకున్నాను. ఫార్మసీ మనిషి తిడుతుందని ఆగాను. బెల్టు అందింది.

ఇంత చిన్నదానికి అంత పెద్ద ఉత్తరమా? నవ్వుతాలుగా అన్న మాట అది. నువ్వూ నవ్వావు కదా, ఫొటోలో ఉంది. నిజం చెప్పనా, నీ బంతి నీళ్ళలో పడితే అందరూ నిన్నంటారని నేను కొట్టాను. నీ కోసమే. ఆ హడావుడిలో నువ్వేమన్నావో నాకు సరిగ్గా వినపడలేదు. తర్వాత భోజనాల దగ్గర అందరూ నా మొహమే చూస్తుంటే ఏదో ఒకటి అనాల్సి వచ్చింది. కెప్టెన్ కొత్త ఇల్లు కడుతున్నాడు, టైల్స్ మన దగ్గరే చూస్తున్నాడు. వంతు కూడా తెలియని మనిషి అని ఆయన ముందు పేరు పడితే ఎలా చెప్పు? నీకైతే పోయేదేముంది, అందరికీ నువ్వంటే అభిమానమే.

సరేలే. నీ మాట ఎందుకు కాదనాలి. ఆదివారం మీటింగ్‌కి నేరుగా వచ్చి తప్పు నాదే అంటాను. సంతోషమా? కూరగాయల వంకతో నెట్‌కి వెళ్ళడం మాత్రం ఏం బాగోలేదు. అడిగితే నేనే నేర్పేవాణ్ణి కదా.

నీ మొగుడు

*

ప్రియమైన మీకు,

మీటింగ్‌లో చప్పట్లు అందుకుని, కాఫీ కూడా ముట్టకుండా పొరుగూరి గోడౌన్‌లో టైల్స్ లోడు దిగుతోందని వెళ్ళిపోయారు. మీరు వెళ్ళాక ఏం జరిగిందో వేరేవాళ్ళ నోటి నుంచి వినే ముందు నా చేతి రాతలో చదవండి.

ముందు మీ సంగతి. లేచి నిలబడ్డారు. గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఆ రోజు తప్పు నాదే. మా ఆవిడ తప్పేమీ లేదు," అన్నారు. ప్రతి మాటా నిజమే. ఆపైన కెప్టెన్ వైపు తిరిగి కన్ను కొట్టారు. నేను పక్కనుంచి చూశాను. అంత చిన్న రెప్పపాటుతో మొత్తం నిజాన్ని అబద్ధం చేసేశారు. హాలంతా చప్పట్లు. మొగుడంటే ఇలా ఉండాలయ్యా, పెళ్ళాం తప్పు తన నెత్తిన వేసుకున్నాడు అన్నారు కెప్టెన్ గారు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని నువ్వెంత అదృష్టవంతురాలివమ్మా అంది. టూర్‌లో నేను వంతు తెలియనిదాన్ని మాత్రమే. ఇప్పుడు వంతు తెలియకపోవడమే కాక మొగుడితో తప్పు ఒప్పించిన గయ్యాళిని కూడా. పుండు మీద కారం చల్లి, ఆ కారం ఖరీదు కూడా నా దగ్గరే వసూలు చేశారు.

మీ కారు గేటు దాటిన చప్పుడు విన్నాక నేను లేచాను. ఆయన చెప్పింది నిజం, మీరది అబద్ధమనుకుని చప్పట్లు కొట్టారు అన్నాను. హెడ్‌మాస్టరు గారు ఫ్యాను వైపు చూడడం మొదలుపెట్టారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అప్పటిదాకా నా వంతని నేనన్న మాట విన్నది మీరొక్కరే అనుకున్నాను.

"డాక్టరు గారూ, ఆ రోజు మీరు మా వెనకే నిలబడ్డారు. నేనేమన్నానో విన్నారా?" అని అడిగాను.

"విన్నానమ్మా. ఇది నా వంతండీ అన్నారు. రెండుసార్లు అన్నారు."

"మరి భోజనాల దగ్గర చెప్పలేదేం?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "మొగుడూ పెళ్ళాల విషయం కదా, మధ్యలో మేమెందుకని ఊరుకున్నాం."

మేము అన్నారు, చూశారా. హెడ్‌మాస్టరు గారు కూడా విన్నారట. ఇవతలి గట్టునే చిన్న బండిలో కూర్చుని ఆట చూస్తున్న కెప్టెన్ గారు అందరికంటే దగ్గరగా ఉన్నారట. విని, తెలిసి, ఆ టోపీ తన చేత్తోనే నా నెత్తిన పెట్టాడు ఆ పెద్దమనిషి. ఇప్పుడు మొగుడంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నాడు. తమ బంతి గడ్డిలో గోరంత కదిలితే, ఎవరూ చూడకపోయినా తమ మీద తామే ఒక దెబ్బ జరిమానా వేసుకునే మనుషులు వీళ్ళు. అది పెద్దమనుషుల ఆట అని కొత్తవాళ్ళకి పాఠాలు చెబుతారు. బంతి కదిలితే చెప్పాలి. పక్కన ఆడమనిషిని అబద్ధం కింద పాతిపెడుతుంటే చెప్పక్కర్లేదు. తిలా పాపం తలా పిడికెడు. మిమ్మల్ని ఒక్కరినే తిట్టడానికి మొదటి ఉత్తరం రాశాను. ఇప్పుడు సొసైటీ మొత్తాన్నీ తిట్టాలంటే నా దగ్గర కాగితాలు చాలవు.

ఈ మాటలే అక్కడా అన్నాను, ఇంకాస్త గట్టిగా. కెప్టెన్ గారు కుర్చీలో కదిలి, వదిలేయమ్మా, ఆటే కదా అన్నారు. ఆట కాబట్టే వదలనన్నాను. డాక్టరు గారు మాత్రం లేచి అందరి ముందూ క్షమించమన్నారు. ఈ రోజు ఆసుపత్రిలో ల్యాబ్ అబ్బాయిని తీసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చి, వరసలో ఉన్న పేషెంట్లందరూ వినేలా, ఆ రోజు వంతు తప్పింది ఈమె కాదు అని చెప్పి వెళ్ళారు. ఆయన మీద నా కోపం సగం తగ్గింది. మిగతా సగం ఉంచుకున్నాను.

సొసైటీ మానేసి ఇంట్లో కూర్చుంటానని అనుకుంటున్నారేమో. నేనూ అలాగే అనుకుని వెళ్ళాను ఆదివారం. మానేయడం లేదు. వచ్చే ఏటి టూర్‌కి జట్లు రాస్తుంటే, నన్ను మీ జతలోంచి తీసి ఎదుటి జట్టులో వేయమన్నాను. డాక్టరు గారు తన జతగా ఆడమని అడిగారు, ఆలోచిస్తానన్నాను. కెప్టెన్ గారు పెన్ను పట్టుకుని, "ఆయన్ని ఒకసారి అడగనా అమ్మా?" అన్నారు.

"ఆయన వంతు అయిపోయిందండీ. ఇది నాది," అన్నాను.

రాశారు.

లోడు దిగాక ఇంటికి రండి. నేనెక్కడికీ పోలేదు, తలుపుకి తాళమూ మార్చలేదు. వచ్చాక టీవీ పెట్టకుండా ఎదురుగా కూర్చోండి, నేను చెప్పాల్సింది ఇంకా ఉంది. శనివారం పొద్దున మాత్రం నన్ను లేపొద్దు, వెతకొద్దు, కూరగాయలేవని అడగొద్దు. నెట్ దగ్గర ఉంటాను.

మీ భార్య,
ఎదుటి జట్టు నుంచి