నీ చేతుల చెమట కాదక్కా

యాదమ్మక్కా,

నువ్వు కన్నుమూసి రేపటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

నీ చేతుల చెమటకే ఇనుప షాఫ్టులు తుప్పు పడుతున్నాయని మన కంపెనీలో ప్యాకింగ్ పని మాన్పించారు కదా. నువ్వెళ్లాక కూడా తుప్పు ఆగలేదు. ప్యాకింగ్ పద్ధతి మార్చడానికి మొన్న నకిరేకల్ నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చేతులకు తొడుగులేసుకుని, ఒక షాఫ్టును నూనె కాగితంలో, ఇంకోదాన్ని మనం ఎప్పుడూ వాడే గుడ్డలో చుట్టి వారం రోజులు పక్కన పెట్టింది.

ఈ రోజు విప్పింది. కాగితంలోది మెరుస్తోంది. గుడ్డలో ఉన్నదాని మీద పడుగూ పేకా అచ్చు దిగినట్టు తుప్పు.

"గీ గుడ్డకు గంజి వెట్టిన్రా? గంజి తేమను గుంజుకుంటది. చెయ్యి తాకకున్నా తుప్పు వడ్తది" అంది.

ఆ గుడ్డలు మా మగ్గం మీద మిగిలిన ముక్కలు. ఉతికి, గంజి పెట్టి, మడతేసి నేనే తెచ్చేదాన్ని. నేతపని ఇంట్లో గంజి పెట్టని గుడ్డ పరాయి చేతికి ఇవ్వరు. ఆ మాటే ఆమెతో చెప్పాను.

"నీకు తెల్వదు గదమ్మా, ఫికర్ జెయ్యకు" అంది.

పనిలో ఆఖరి రోజుల్లో నువ్వు భయపడి ప్రతి షాఫ్టు ముట్టుకునే ముందు చేతులు తుడుచుకునేదానివి. "జర ఇంకో గుడ్డ ఇయ్యవే, నీ గుడ్డలు సాఫుగుంటయి" అని షాఫ్టుకు చుట్టడానికి అడిగేదానివి.

నేను ఏరి ఏరి, బాగా గంజి పట్టినదే ఇచ్చేదాన్ని.