పడవలో నిలబడే మనిషి

మోప్తి

ప్రియమైన ఉల్లిగడ్డా,

బమాకో బజారులో నీ ఉల్లిపాయలన్నీ కుళ్ళాయా, ఇంకా కొన్ని మిగిలాయా?

నా సంగతి బాగాలేదు. వల దులుపుతూ కాలు జారి కూలబడ్డాను, అంతే, మణికట్టు విరిగింది. నడుము ఎప్పటినుంచో పీకుతోంది. పండక్కి కుట్టించిన పొడుగు అంగీ నేలమీద జీరాడుతోంది, దర్జీకి కళ్ళు పోయాయి. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, వెన్నుపూస ఒకటి నలిగింది, ఎముకలు గుల్లబారినట్టున్నాయి, రాజధాని బమాకో వెళ్ళి పరీక్ష చేయించుకో అంది. అది ముసలమ్మల జబ్బు కదరా! నేను రాను. పడవ పందెంలో మా వీధి పడవకి వెనక నిలబడి గడ వేసేది నేనే. ఈ మాట పొక్కితే మోప్తి రేవంతా నవ్వుతుంది. నా భయమంతా అదే.

నీ యజమాని,
బురేమా

బమాకో

ప్రియమైన చేపకంపూ,

దర్జీని తిట్టకు. అంగీ పెరగలేదు, నువ్వే కుంగావు. ఆయాసానికని సంతలో కొని ఏళ్ళ తరబడి మింగుతున్నావే, ఆ మాత్రలు కూడా వెంట తీసుకురా. డాక్టరుకి చూపించాలి, నాకు వాటిమీదే అనుమానం.

బతిమాలితే వినడం లేదని నీ భార్య కబురంపింది. అందుకే నేను బతిమాలను. చేపలు పట్టే మీ బోజో తెగవాళ్ళూ, ఉల్లి పండించే మా డోగోన్ తెగవాళ్ళూ ఎంత తిట్టుకున్నా కోపం తెచ్చుకోకూడదు, ఒకరు అడిగింది ఇంకొకరు కాదనకూడదు. తాతలు పెట్టిన కట్టు ఇది. డోగోన్ అడుగుతున్నాడు, బస్సెక్కు.

నీ అసలు యజమాని,
అతెమే

మోప్తి

ప్రియమైన పారిపోయినవాడా,

ఆస్పత్రి గుమ్మం దాకా తీసుకెళ్ళి, ఉల్లి లారీ వచ్చిందని మాయమయ్యావు. లోపల జరిగింది విను. బల్లమీద పడుకోబెట్టారు, మిషను మీదుగా పోయింది, నొప్పేమీ లేదు. ఎముకలు గుల్లే. ఆ ఆయాసం మాత్రలే తినేశాయట. వాటిని ఒక్కసారిగా మానకూడదట, మెల్లగా తగ్గించి పీల్చే మందుకి మారుస్తారట. మగాడికి ఈ జబ్బేమిటన్నాను. "మగాళ్ళకి ఎముకలుండవా పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

తర్వాత ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే మందు. సూది పట్టుకొచ్చిన నర్సు ఇంటిపేరు తెంబెలీ. డోగోన్! "అమ్మాయ్, మీవాళ్ళు మా రక్తం చిందిస్తే మహాపాపం, నన్నొదిలెయ్" అన్నాను.

"సరే తాతా, పాపం నాకెందుకు? పక్క గదిలో ఫులానీ తెగ కుర్రాడున్నాడు, వాడికి మీతో ఈ కట్టు లేదు. కొత్త, కాస్త చెయ్యి వణుకుతుంది. పిలవనా?"

"వద్దు తల్లీ, పాపం నువ్వే కట్టుకో" అన్నాను. గది గదంతా నవ్వింది, నేనూ నవ్వాను.

నవ్వు రానిది ఒక్కటే. ఈ ఏడు నిలబడి గడ వెయ్యకూడదట. కావాలంటే పడవలో కూర్చుని డప్పు కొట్టుకోమన్నారు. కూర్చున్న బురేమాని చూసి రేవు ఏమంటుంది? పందెం రోజు తలుపేసుకుని ఇంట్లోనే పడుంటాను.

బురేమా

బమాకో

ప్రియమైన బురేమా,

సజ్జలు తిన్న డోగోన్ ఎముక ఎలా ఉంటుందో నీకు చూపిద్దామని నేనూ ఆ బల్లెక్కాను. ఆ రిపోర్టు పట్టుకుని ఏడాదంతా నిన్ను ఏడిపించొచ్చనుకున్నాను. తీరా చూస్తే నావి నీవాటికంటే గుల్ల! ఇందులోనూ నువ్వు ఓడిపోయావు. నాకు వారానికో మాత్ర రాశారు, పొగాకు మానెయ్యమన్నారు. మా ఆవిడ దూడకి పట్టినట్టు రోజూ పాలు పట్టిస్తోంది.

ఇక పందెం సంగతి. నువ్వొక్కడివే కూర్చుంటే నవ్వుతారు, నిజమే. కానీ నీ పక్కన ఒక డోగోన్ పడవ అంచు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంటే నిన్నెవడు చూస్తాడురా? నాకు ఈత రాదు. నీళ్ళంటే నాకెంత భయమో నీకు తెలుసు.

టికెట్ కొనేశాను. పడవలో నాకు చోటుంచు.

నీ
అతెమే