ఒక్కపొద్దు నాటి పద్యం

నంద్యాల,
7-12-1957, శనివారం.

నాయనకు ఓబుళమ్మ నమస్కారాలు. ఇక్కడ నేనూ పిన్నమ్మా కుశలమే. ఈ కార్డు అవ్వకు చదివి వినిపించు.

పొద్దున బడిలో ఒక వింత జరిగింది. నిద్రలో లేపినా చెప్పగల పద్యం మూడో పాదం దగ్గర మాయమైంది. కళ్లు తిరిగాయి. పద్యాల పోటీకి నన్ను పంపాలనుకున్న తెలుగు అయ్యవారు మౌలా సాహెబ్ కోప్పడలేదు.

"పొద్దున ఏం తినింటివమ్మీ?"

"ఏమీ లేదయ్యవారూ. నా చదువు కోసం మా అవ్వ అహోబిలం స్వామికి మొక్కుకునింది. శనివారం ఒక్కపొద్దు. రాత్రికే తినేది."

"రంజాన్ నెలలో నేనూ రోజా ఉండేవాణ్ణే. మేమైనా తెల్లారకముందే ఇంత తింటాం. ఉత్త కడుపున పద్యం యాడ నిలుస్తాది? మొక్కు తప్పొద్దు. రాత్రి తినే ఆ ఒక్క పూటా పొద్దున్నే తిను. మీ అవ్వను అడిగే చెయ్యి."

మొక్కును తీసిపారెయ్యకుండానే దారి చూపిన ఆయన మంచితనం రాయడానికి ఈ కార్డు చాలదు. 'ధారణ' అనే మాట ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చదివినదాన్ని మనసులో నిలుపుకోవడమట. ఎంత నిండైన మాట!

పోటీ వచ్చే శనివారమే. అవ్వ ఏమన్నదీ వెంటనే రాయి. బర్రె ఈనిందా? తమ్ముడికి దగ్గు తగ్గిందా? బస్సులో ఎవరైనా వస్తుంటే గోంగూర ఊరగాయ పంపు.

అవ్వ పాదాలకు మొక్కుతున్నాను. రేపు ఆదివారం పద్యం అప్పజెప్పడానికి అయ్యవారు వాళ్లింటికి రమ్మన్నారు. పొద్దున్నే పిన్నమ్మ చేతి సంగటి కడుపునిండా తిని పోయి, ఆ మూడో పాదం నుంచే మొదలుపెడతాను.