కవరు మీది అమ్మ

జూన్ 3, మంగళవారం

చెరిగిన చెనిక్కాయల పొట్టు పొద్దున గాలికి లేచి, దండెం మీద ఆరేసిన నా తెల్ల చున్నీకి అంటుకుంది. ఎంత దులిపినా పూర్తిగా పోలేదు. అలాగే వేసుకుని నల్లమాడలో కదిరి బస్సెక్కాను.

ఫ్లెక్సీ షాపు భాస్కరన్న మేము దంచి అమ్మే చెనిక్కాయల కారప్పొడి కవరు మీదికి అమ్మ బొమ్మ గీసి పెట్టాడు. నేను ఫోన్‌లో తీసిన ఫోటో చూసి గీసింది. కొంగు, నవ్వు, చెంప మీది పుట్టుమచ్చ — అన్నీ అమ్మవే. పైన నేను పెట్టిన పేరు: మెట్ట. వాన కోసం చూసే మా నేల పేరే మా పొడికీ. ఆ ఒక్క మాట కోసం ఎన్ని పేర్లు రాసి కొట్టేశానో.

"అంతా బాగుండాది గానీ మ్మా, మొగం బోసిగా ఉండాది. బొట్టు పెడదామా? జనాలకు గుర్తుంటాది."

చర్చికి పోయే ఇల్లు మాది. అమ్మ నుదుట బొట్టు నేనెన్నడూ చూడలేదు. వద్దనాల్సింది. తల ఊపాను. కాన్వెంటులో బాగా వచ్చిన విద్య అదొక్కటే.

రూపాయంత ఎర్ర బొట్టు. బాగుందని నాకూ అనిపించింది...

జూన్ 4

అమ్మతో చెప్పలేదు. బొమ్మే కదా.

జూన్ 14, శనివారం

కవర్లు వచ్చాయి. అమ్మ రోకలి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని ఒకటి అందుకుంది. వెలుతురుకు పట్టి చూసింది. నవ్వింది. తర్వాత బొమ్మ నుదుటి మీద బొటనవేలితో రుద్దింది.

"కారం అంటుకొనుండాది పాపా."

వేలు తడి చేసుకుని మళ్ళీ రుద్దింది. నేను చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి తనే ఆపేసింది.

"ఎవురీమె? లచ్చనంగా ఉండాదే."

అంతే. కవరు నా చేతిలో పెట్టి మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. సాయంత్రమే కొన్ని కవర్లు నింపి మా ఊరి అంగట్లో ఇచ్చొచ్చాను.

జూన్ 15, ఆదివారం

చర్చి బయట, చెప్పులు వేసుకుంటుంటే మార్తమ్మత్త అమ్మతో —

"ఏం రూతమ్మా, చర్చిలో ఒక మొగము, అంగట్లో ఒక మొగమా?"

అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. "అంగట్లో ఉండేది నా చెల్లెలు లేమే. చూడు, నాకన్నా తెల్లగుండాది."

ఇల్లు చేరేదాకా నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది.

జూన్ 24

కదిరిలో మా పొడి అమ్మే అంగడి రమణన్న ఫోన్. తనంతట తాను చేయడం ఇదే మొదలు. "పొడి అయిపాయ మ్మా. ఆడోళ్ళంతా బొట్టమ్మ పొడి, బొట్టమ్మ పొడి అని అడుగుతాండారు. మెట్టో గిట్టో, ఆ పేరు ఎవురూ చదవల్యా."

సరుకు పేరు చూసిన వాళ్ళ నోట నిలవాలి — ఎన్ని పుస్తకాల్లో చదివాను! నిలిచింది. నేను పెట్టిన పేరు కాదు. అమ్మ పేరూ కాదు.

"బొట్టు తీసేస్తే, అన్నా?"

"ఏమ్మా, తిక్క పట్టిందా? గుర్తే అదైతే!"

సరేనన్నా అని పెట్టేశాను.

జూన్ 29, ఆదివారం

అమ్మ చర్చికి రాలేదు. ఒళ్ళు నొప్పులంది. నిన్నంతా దంచినప్పుడు లేని నొప్పులు.

ఒక్కదాన్నే పోయాను. అమ్మ కూర్చునే చోట ఎవరో బైబిలు సంచి పెట్టుకున్నారు.

జూలై 2

మధ్యాహ్నం మా వాకిట కారు ఆగింది. అనంతపురం నుంచి ఎవరో ఒకామె. చేతిలో మా కవరు. అమ్మ అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తోంది.

"ఈ పొడి చేసే ఆమె ఇల్లు ఇదేనామ్మా? ఆమెతో ఒక ఫోటో దిగల్ల."

అమ్మ తలెత్తలేదు. "ఆమె ఊర్లో లేదమ్మా. నేను పనామెను."

నేను తలుపు వెనకాలే ఉన్నాను. "ఈమే. మా అమ్మ." — అనడానికి ఎంతసేపు? ఆమె పొడి కొనుక్కుంది, కారెక్కింది, దుమ్ము లేచింది, అణిగింది. నేను ఇంకా తలుపు వెనకే.

జూలై 3

ఈరోజు సంగటి ముందు కూర్చుని అమ్మే కవరు మాట ఎత్తింది.

"నా మొగం ఏసుకుంటే నా మొగం ఏసుకో పాపా. ల్యాకుంటే ఆ రోలు బొమ్మ ఏసుకో. రోలును ఎవురూ ఏమీ అనరు."

"బేరం పోతుందేమో మా..."

"పోతే పోనీ. బొమ్మ ల్యాకముందు తినల్యా జనాలు?"

సరే అన్నాను. రేపే చెప్తానన్నాను. అమ్మ నా పళ్ళెంలో ఇంకో ముద్ద పెట్టింది. గిన్నెలు తోముతూ, చాలా రోజుల తర్వాత, ఒక పాట ఎత్తుకుంది.

జూలై 4

భాస్కరన్నకు మెసేజ్ రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను...

రమణన్న అడిగిన సరుకు కోసం రెండో విడత కవర్లు సోమవారమే వచ్చాయి. అన్నిటి మీదా బొట్టుంది. అవి నా మంచం కింద ఉన్నాయి.