రెండు ఎడమ చేతుల చొక్కా

తమ్ముడూ,

నువ్వు మందు పొడి మానేసి ఆర్నెల్లయిందని మరదలు చెప్పింది. మాంసకృత్తులు పడని ఈ జబ్బు మనిద్దరికీ పుట్టుకతోనే వచ్చింది. అమ్మ ముక్కు మూసి మరీ ఆ పొడి తాగించబట్టే మన బుర్రలు నిలిచాయి. పెద్దయ్యాక "ఇక మానేసినా ఫర్వాలేదమ్మా" అన్నాడు డాక్టరు. ఆ కంపు పీడ విరగడైందని నేనూ మానేసి సంబరపడ్డాను, నీలాగే.

ఇప్పుడు టేపు మీద చూసిన కొలత పుస్తకంలో రాసేలోపే జారిపోతోంది. "ఇరవై ఏళ్లుగా కుడుతున్నావు, మనసెక్కడ పెట్టావమ్మా?" అంటాడు షాపాయన. మనసు ఇక్కడే ఉందిరా, చేతికందడం లేదు. పొడి మళ్లీ మొదలుపెట్టాను. పోయినదంతా తిరిగి రాదన్నారు డాక్టర్లు.

నీకు కుట్టిన చొక్కా పంపుతున్నాను. రెండూ ఎడమ చేతులే పడ్డాయి. కుట్లు కావాలనే విప్పలేదు. ఒక్కసారి తొడుక్కుని చూడు. తరువాత లేచి పొడి కలుపుకో.

అక్క