దొప్ప చేతుల చప్పట్లు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఫ్లాట్‌లో కాలు నిలవక ఊరికి అటు చివరున్న బెడోక్ వెళ్లాను. అక్కడ ఫిజీ వాళ్ల కచేరీ. ముందు ఉకులేలేలనే బుల్లి గిటార్లతో హుషారు పాటలు పాడారు. తర్వాత పెద్దవాళ్లు చాపల మీద కూర్చుని 'మేకే' అనే వాళ్ల పాతకాలపు పాట ఎత్తుకున్నారు. నువ్వు క్యాసెట్ పెట్టుకుని, అరచేతులు దొప్పల్లా చేసి చరిచేవాడివే, అదే. కంప్యూటర్లో వైటూకే (Y2K) పని చేసుకోనివ్వవా అని కసిరేవాణ్ణి.

జనమంతా మామూలుగా చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం వాటంతటవే దొప్పలయ్యాయి. పాట అయ్యాక ఒక పెద్దాయన వచ్చి ఎవరు నేర్పారని అడిగాడు.

"మా రూమ్మేటు. ఇంట్లో ఉన్నాడు," అన్నాను.

"రేపూ పాడతాం. తీసుకురా," అన్నాడు.

అప్పట్నుంచి ట్రైన్‌లోనే తిరుగుతున్నాను. మన బుకిట్ బటోక్ స్టేషన్ రెండుసార్లు వచ్చింది. దిగలేదు.