రొయ్యలు ఒలిచే చేతులకు వేడినీళ్ళు

అన్నకు, మేమంతా బాగున్నాం. ఫోను ఐసునీళ్ళలో పడి పాడైంది, అందుకే ఈ కార్డు.

ఇంటి మీద సోలారు హీటరు పెట్టుకుంటే సబ్సిడీ ఇస్తారని విని సోమవారం మండలాఫీసుకు వెళ్ళి దరఖాస్తు ఇచ్చాను. అక్కడి గుమాస్తా చదవకుండానే దాన్ని పక్కకు నెట్టి, "సముద్రంలో మునిగేవాళ్ళకి వేడినీళ్ళు దేనికిమా?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దస్తమానం కంపెనీలో ఐసు రొయ్యలు ఒలిచి, ఇంటికొచ్చాక అన్నం ముద్ద కూడా పట్టుకోలేని ఈ వేళ్ళు ఆయన బల్ల మీద పెట్టాను. "వేటకి పొయ్యేది మగోళ్ళు సార్. మా చేతులు చూడండి. ఇప్పుడు మీరన్న మాటే ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యండి" అన్నాను. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు కూడా "రాయండి సార్, మేమూ చదువుతాం" అన్నారు. దాంతో దరఖాస్తు మీద ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

ఇంటి పట్టా నకలు కావాలన్నారు. అసలుది నీ దగ్గరే ఉంది కదా, జిరాక్సు తీసి స్పీడుపోస్టులో పంపు. చంటిదానికి దగ్గు తగ్గిందా? వదినను అడిగానని చెప్పు, పిల్లలకు ముద్దులు.

రేపు మా కంపెనీ ఆడవాళ్ళం తొమ్మిదిమంది సెలవు పెట్టి, మిగతా ఎనిమిదిమంది దరఖాస్తులతో ఆ గుమాస్తా దగ్గరికే వెళ్తున్నాం.

నీ చెల్లెలు,
పేరమ్మ